ఖండచలన ద్రష్ట ఆల్ఫ్రెడ్ వెగెనర్

బస్తరు సీమలో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూరు జిల్లాలో, తాల్‌పేరు నది యొడ్డున బాసగూడ యను గ్రామము కలదు. ఆ యేరే దక్షిణముగా ప్రవహించి, తెలుగునాట తాలిపేరు అను పేరు దాల్చి, చర్ల ప్రాంతమున గోదావరిలో కలియుచున్నది. గోండులు, దోర్లలు, తెలుగువారు ఇరుగుపొరుగులై బ్రదుకుచున్న సీమ యిది. 2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ఏడున్నర గంటల వేళ, గోదావరికి నైరుతి దిక్కుననున్న ములుగు జిల్లా అడవులు కేంద్రముగా భూమి కంపించెను. 5.3 పరిమాణము గల ఆ కంపము తెలంగాణమునందే గాక ఆంధ్రదేశమునను, బస్తరు సీమయందును తెలియవచ్చెను. అంతకు ఏబదియైదు సంవత్సరములకు పూర్వము, 1969 ఏప్రిలు 13వ తేదీన, భద్రాచల ప్రాంతమున ఇంతకంటె పెద్దదియే, సుమారు 5.7 పరిమాణము గలది, సంభవించి యుండెను.

హిమాలయముల చెంత భూమి కంపించుట అందరును ఎరిగినదే. సముద్రపు దీవులలో అగ్నిపర్వతములు మండుటయు విన్నదే. అయితే సముద్రమునకును హిమాలయములకును దూరముగా, ప్రాచీనమైన నల్లరాతిపై నెలకొనిన గోదావరీ తీరమున ఈ కదలిక ఏల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు వెనుకకు పోయినవారు ఒక జర్మను దేశీయుని జీవితము కడకు చేరుదురు. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఆయన భారతదేశమును చూచి యెరుగడు. అయినను ఈ సీమకు చెందిన గోండుల పేరు ఆయన సిద్ధాంతమునకు ఒక మూలస్తంభమయ్యెను.

వెగెనర్ 1880వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి రిచర్డు వెగెనర్ మతశాస్త్రము నెరిగిన పండితుడు, ప్రాచీన భాషల నధ్యాపనము చేసిన ఉపాధ్యాయుడు. ఐదుగురు సంతానములో ఆల్ఫ్రెడ్ కడగొట్టువాడు. అన్న కర్టునకును ఆయనకును రెండేండ్ల వ్యత్యాసము మాత్రమే. కొండలెక్కుటయందును, మంచుపై నడచుటయందును, ఆకాశమును పరిశీలించుటయందును ఇరువురికి నొకటే అభిరుచి.

వెగెనర్ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రమును చదివి, 1905లో డాక్టరు పట్టమును పొందెను. కాని నక్షత్రములను లెక్కించుటతో ఆయన మనస్సు తృప్తి నొందలేదు. బెర్లినునకు సమీపముననున్న లిండెన్‌బర్గు వాయుమండల పరిశోధనాలయమున సహాయకుడుగా చేరి, గాలిపటములను బెలూనులను ఎగురవేసి పైగాలుల స్థితిని కొలుచు పనికి పూనుకొనెను. 1906 ఏప్రిలులో సోదరు లిరువురును ఒక బెలూనులో నెక్కి, 52న్నర గంటలు ఎడతెగక ఆకాశమున నుండి, నాటివరకు ఎవరును సాధింపని కాలపరిమితిని సాధించిరి.

ఆ యేడే ఆయన గ్రీన్లాండునకు పయనమయ్యెను. ఆ మహాద్వీపమున అత్యధిక భాగమును మంచు కప్పియుండును. మిలియస్-ఎరిక్సెన్ అను నాయకుని క్రింద డేనిషువారు నడపిన ఆ యాత్రలో వెగెనర్ వాతావరణ పరిశీలకుడు. తీరమును పటములో గుర్తించుటకై ముందుకు పోయిన నాయకుడును, మరి యిద్దరును 1907లో ఆకలికిని చలికిని బలియైరి. ధ్రువప్రాంతమున నొక చిన్న ఆలస్యము, ఒక చిన్న తప్పు లెక్క, మనుష్యుల ప్రాణములను తీయగలదని వెగెనర్ ఇరువదియేడేండ్ల ప్రాయముననే తెలిసికొనెను.

1908లో తిరిగివచ్చి, మరుసటి యేటినుండి మార్బుర్గు విశ్వవిద్యాలయమున వాతావరణశాస్త్రమును, ఖగోళశాస్త్రమును బోధింపసాగెను. వాయుమండల ఉష్ణగతికములపై ఆయన రచించిన గ్రంథము 1911లో వెలువడి విద్యార్థులకును విద్వాంసులకును ఆదరపాత్రమయ్యెను. ఈ విధముగా వాతావరణశాస్త్రజ్ఞుడుగా ఆయన జీవితము చక్కని బాటలో పడినది. ఆ బాటనుండి ఆయనను ప్రక్కకు మళ్ళించినది ఒక పటముల పుస్తకము.

1910వ సంవత్సరపు క్రిస్టమసు వేళ సహోద్యోగి యొకనికి క్రొత్త అట్లాసు కానుకగా వచ్చెను. దానిని తిరుగవేయుచున్న వెగెనర్ దృష్టి అట్లాంటిక్ సముద్రపు రెండు తీరములపై నిలిచెను. దక్షిణ అమెరికా తూర్పు గట్టును, ఆఫ్రికా పడమటి గట్టును ఒకదానిలో నొకటి ఇమిడిపోవునట్లు కానవచ్చెను. ఈ పోలికను గమనించినవారు ఆయనకు పూర్వమును కలరు. కాని అది కనులకింపైన వింతగా మాత్రమే మిగిలిపోయి యుండెను. మరుసటి యేడు ఒక గ్రంథాలయమున, సముద్రమునకు ఇరువైపులను ఒకే జాతి ప్రాచీన జీవుల శిలాజములు దొరకినవను వ్యాసము కంటబడినపుడు, పోలిక ఆయన మనస్సున ప్రశ్నగా మారెను.

ఆ కాలపు భూశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధాన మొకటి కల్పించుకొని యుండిరి. ఖండముల నడుమ పూర్వము భూసేతువు లుండెననియు, అవి పిమ్మట సముద్రమున మునిగిపోయెననియు వారి మతము. ఈ చర్చలోనికే గోండుల పేరు ప్రవేశించినది. భారత భూశాస్త్ర పరిశోధన సంస్థలో ఉద్యోగియైన మెడ్లికాట్, మధ్య భారతమున బొగ్గుతో గూడిన ప్రాచీన శిలాపంక్తులకు 1872లో గోండ్వానా అని నామకరణము చేసెను. గోండు రాజు లేలిన దేశమని ఆ మాటకు అర్థము. ఇంచుమించు ఆ కాలముననే, అదే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపమున ఆ శిలలలోని బొగ్గును కనుగొనెను. నేటి సింగరేణి గనులకు నాంది అదియే. ఆస్ట్రియాకు చెందిన ఎడ్వర్డు స్యూస్ అను మహాశాస్త్రజ్ఞుడు ఈ పేరును గ్రహించి, కొన్ని దక్షిణ భూభాగములు కలిసియున్న ప్రాచీన మహాభూమికి 1885లో గోండ్వానాలాండు అని పేరు పెట్టెను.

ఈ బొగ్గుశిలలలో నాలుక ఆకారపు ఆకులు గల గ్లోసోప్టెరిస్ అను వృక్షముల శిలాజములు దొరకును. అవియే దక్షిణ అమెరికాలోను, దక్షిణ ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, అంటార్కిటికాలోను దొరకెను. ఒడిషాలోని తాల్చేరు ప్రాంతమున, బొగ్గుపొరల క్రింద, హిమానీనదములు ఈడ్చుకొని వచ్చి విడిచిన గుండ్రాళ్ళ పొర యొకటి కలదు. నేడు ఎండ మండిపోవు ఆ నేలపై ఒకప్పుడు మంచుగడ్డ ప్రాకెనన్నమాట. అట్టి గుర్తులే తక్కిన దక్షిణ ఖండములందును కలవు. సముద్రగర్భము ఖండపు శిలకంటె బరువైన శిలతో నైనది కావున, తేలికయైన భూసేతువు దానిలోనికి మునిగిపోవుట పొసగదని వెగెనర్ తర్కించెను. సేతువులు మునుగలేదు, ఖండములే దూరముగా జరిగినవని ఆయన నిర్ణయించుకొనెను. ఒక తాళపత్రము రెండు తునుకలైనపుడు, అంచులు సరిపోవుటయే గాక, వ్రాతయును ఒక తునుకనుండి రెండవదానిలోనికి సాగినచో, అవి ఒకే పత్రమని ఎవరైనను ఒప్పుకొందురు. శిలలును, శిలాజములును, మంచు గీతలును ఆయనకు అట్టి వ్రాతయై తోచెను.

1912 జనవరి 6వ తేదీన ఫ్రాంక్‌ఫర్టు నగరమున భూశాస్త్రజ్ఞుల సభలో వెగెనర్ తన భావమును తొలిసారి వెల్లడించెను. సభ్యులకది రుచింపలేదు. వాదమున కాగక, ఆయన ఆ యేడే మరల గ్రీన్లాండునకు పోయెను. ఈసారి నాయకుడు డేనిషు సైనికోద్యోగి కోహ్. నలుగురు మనుష్యులు, పదునారు ఐస్లాండు గుఱ్ఱములు. మంచుగడ్డపైననే చలికాలము గడపి, 1913 వేసవిలో ద్వీపమును ఈ కొననుండి ఆ కొనకు దాటిరి. గుఱ్ఱములన్నియు నశించెను. ఆహారము తీరి, వెంటనున్న కుక్కను సైతము తినవలసివచ్చిన స్థితిలో, పడవపై పోవుచున్న యొక మతాచార్యుని కంటబడి ప్రాణములతో బయటపడిరి.

ఆ యేడే వెగెనర్ ఎల్సా అను కన్యను వివాహమాడెను. ఆమె ప్రఖ్యాత శీతోష్ణస్థితి శాస్త్రజ్ఞుడు వ్లాదిమీర్ కొప్పెన్ కుమార్తె. మామయగు కొప్పెన్, కూర్చొనిన కొమ్మను విడిచి ఇతరుల శాస్త్రములో చేయి పెట్టవలదని తొలుత అల్లుని వారించెను. కొంతకాలమునకు ఆయనయే ఈ సిద్ధాంతమునకు అనుకూలుడై, ప్రాచీన యుగముల శీతోష్ణస్థితులను గూర్చి అల్లునితో గూడి 1924లో నొక గ్రంథమును ప్రకటించెను.

1914లో యుద్ధము వచ్చెను. వెగెనర్ పదాతి సైన్యమున అధికారిగా బెల్జియము రంగమునకు పోయి రెండుసార్లు గాయపడెను. గాయములు మానుటకై దొరకిన విరామమున తన భావమునకు గ్రంథరూప మొసగెను. ఖండములయు మహాసముద్రములయు ఉత్పత్తిని గూర్చిన ఆ చిన్న పుస్తకము 1915లో వెలువడెను. యుద్ధపు సందడిలో దానిని గమనించినవారు కొద్దిమంది. 1920, 1922, 1929 సంవత్సరములలో ఆయన దానిని పెంచి, దిద్ది మరల ముద్రింపించెను. 1924లో ఇంగ్లీషు అనువాదము వచ్చిన పిమ్మట వాదము ప్రపంచవ్యాప్తమయ్యెను.

విమర్శ కఠినముగానే యుండెను. వాతావరణశాస్త్రజ్ఞునకు శిలలతో పనియేమని కొందరు తిరస్కరించిరి. అట్టి మాటల సంగతి యెట్లున్నను, విమర్శలలో న్యాయమైనదియు నొకటి యుండెను. ఖండములను కదలించు శక్తి యేది? భూభ్రమణము వలన ధ్రువములనుండి దూరముగా త్రోయు బలమును, చంద్రసూర్యుల ఆకర్షణను వెగెనర్ సూచించెను. ఇంగ్లండుకు చెందిన హెరాల్డు జెఫ్రీస్ గణితముచేసి ఆ బలములు మిక్కిలి దుర్బలములని చూపెను. గ్రీన్లాండు ఏటికి పదుల మీటర్ల వేగముతో పడమరకు పోవుచున్నదని వెగెనర్ నమ్మిన లెక్కయు తప్పే. ఓడ నీటిని చీల్చునట్లు ఖండము సముద్రపు అడుగును చీల్చుకొని పోవునన్న ఆయన ఊహయు నిలువలేదు. అనగా, ఖండములు కదలినవనుటలో ఆయన సరియే. ఎట్లు, ఎంత వేగముగా అనుటలో పొరపడెను. ఈ లోపమును ఆయనయు ఎరుగును. కారణము తెలియనంత మాత్రమున కార్యము జరుగలేదనుట తగదని ఆయన వైఖరి.

జర్మనీలో ఆచార్య పీఠము దొరకుట దుర్లభమయ్యెను. హాంబుర్గులోని సముద్ర పరిశోధనాలయమున కొంతకాలము పనిచేసి, 1924లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ విశ్వవిద్యాలయమున వాతావరణ భూభౌతిక శాస్త్రముల ఆచార్యుడయ్యెను. భార్యతోను ముగ్గురు కుమార్తెలతోను అచట స్థిరపడెను. ఆ ప్రశాంతతను విడిచి 1930లో ఆయన నాలుగవసారి గ్రీన్లాండునకు పోయెను. ఈసారి ఆయనయే నాయకుడు. మంచుగడ్డ మందమును కృత్రిమ కంపముల సహాయమున కొలుచుట, ద్వీపమధ్యమున ఏడాది పొడవునను వాతావరణమును పరిశీలించుట యాత్రోద్దేశములు.

రేవున మంచు విడువక పని వారములకొలది వెనుకబడెను. తీరమునకు 400 కిలోమీటర్ల దూరమున, సుమారు 3,000 మీటర్ల యెత్తున నెలకొల్పిన మధ్య కేంద్రమున గెయోర్గి, సోర్గె అను ఇరువురు పరిశీలకు లుండిరి. వారికి చలికాలమునకు చాలినంత ఆహారమును ఇంధనమును చేరలేదు. యంత్రపు బండ్లు మంచులో కదలలేదు. సెప్టెంబరు 21వ తేదీన వెగెనర్ పదునైదు కుక్కబండ్లతో తానే బయలుదేరెను. వెంట లోవె అను శాస్త్రజ్ఞుడును, గ్రీన్లాండు దేశీయులును ఉండిరి. త్రోవలో చలి సున్నకు దిగువ 50 డిగ్రీలను దాటెను. తోడి గ్రీన్లాండువారిలో ఒక్కరు తప్ప అందరును వెనుదిరిగిరి. ఆ మిగిలిన యువకుడు రాస్మస్ విల్లుంసెన్.

నలుబది దినముల ప్రయాణము పిమ్మట, అక్టోబరు 30వ తేదీన మువ్వురును కేంద్రమును చేరిరి. తెచ్చిన సామగ్రిలో చాల భాగమును త్రోవలోనే విడువవలసి వచ్చెను. లోవె కాలివ్రేళ్ళు చలికి చచ్చిపోయినందున ఆయన కదలలేని స్థితిలో ఉండెను. అచటనున్న యిద్దరును ఉన్నదానితోనే సరిపెట్టుకొని మంచుగుహలో చలికాలమును గడపుటకు అప్పటికే నిశ్చయించుకొని యుండిరి. ఉన్న ఆహారము ముగ్గురికి కష్టముగా సరిపోవును, ఐదుగురికి చాలదు. రెండు దినములు మాత్రమే విశ్రమించి, నవంబరు 1వ తేదీన, తన ఏబదియవ జన్మదినమున, వెగెనర్ విల్లుంసెనుతో కూడ తీరమునకు తిరుగు ప్రయాణమయ్యెను. ఇరువురును తీరమును చేరలేదు.

1931 మే 12వ తేదీన, సగము దారిలో, మంచులో నాటియున్న రెండు స్కీకఱ్ఱల గుర్తున ఆయన దేహము దొరకెను. నిద్రించు సంచులలో చుట్టి, శ్రద్ధతో పాతిపెట్టబడి యుండెను. అలసటచే గుండె యాగి మరణించి యుండునని అనుకొనిరి. పాతిపెట్టిన విల్లుంసెన్ ఆ పిమ్మట ఒంటరిగా కొంత దూరము పోయి కనుమరుగయ్యెను. ఆయన జాడ నేటికిని తెలియలేదు. మధ్య కేంద్రమున నిలిచిన మువ్వురును జీవించిరి. అన్న కర్టు వచ్చి యాత్రా కార్యమును ముగించెను.

వెగెనర్ మరణించునాటికి ఆయన సిద్ధాంతమును అంగీకరించినవారు తక్కువ. ఇంగ్లండున ఆర్థర్ హోమ్స్, దక్షిణ ఆఫ్రికాలో డు టాయిట్ వంటివారు మాత్రము దానిని విడువలేదు. కుండలో కాగు పాయసము అడుగునుండి పైకి, పైనుండి క్రిందికి తిరుగునట్లు భూగర్భమున వేడి శిల మిక్కిలి మెల్లగా తిరుగుచుండుననియు, అదియే పైపొరను కదలించుననియు హోమ్స్ సూచించెను. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట సముద్రపు అడుగును కొలిచినప్పుడు, మహాసముద్రముల నడుమ వేలకొలది కిలోమీటర్లు సాగిన పర్వతపంక్తులును, వాని నడిబొడ్డున చీలికయు బయల్పడెను. అచట లోపలినుండి శిలాద్రవము వెలువడి గట్టిపడి, క్రొత్త సముద్రతలము పుట్టుచున్నదని 1960 దశకమున తేలెను. ఖండము సముద్రతలమును చీల్చుకొని పోవుట లేదు. ఖండమును సముద్రతలమును ఒకే ఫలకముపై కలిసి పోవుచున్నవి. 1968 నాటికి ఫలక సిద్ధాంతము రూపుదాల్చెను.

భూమి పైపొర సుమారు 100 కిలోమీటర్ల మందము గల కొన్ని పెద్ద ఫలకములుగను, అనేక చిన్న ఫలకములుగను చీలియున్నది. వాని అంచులు మూడు విధములు. ఫలకములు ఎడబాయుచోట లోపలి శిల పైకి వచ్చి కరగి, అగ్నిపర్వతములగును. అచటి కంపములు సామాన్యముగా చిన్నవి. ఒక ఫలకము మరియొక దాని క్రిందికి దూరుచోట, దూరినది తనతో కొనిపోయిన నీరు సుమారు 100 కిలోమీటర్ల లోతున వెలువడి, పైనున్న వేడి శిలను సులభముగా కరగునట్లు చేయును. ఆ ద్రవమే అగ్నిపర్వత శ్రేణి యగును. భూగోళమున మిక్కిలి పెద్ద భూకంపములు ఇట్టి అంచులయందే పుట్టును. ఫలకములు ఒండొంటిని ప్రక్కగా రాచుకొనుచోట భూకంపములుండును, అగ్నిపర్వతము లరుదు.

మన దేశపు ఎల్లలలోనే ఈ భేదము గోచరించును. అండమానుల చెంత సముద్రతలము క్రిందికి దూరుచున్నది. అందుచేతనే అచట బారెన్ దీవి అగ్నిపర్వతము కలదు. అది దీర్ఘకాలము నిద్రించి 1991లో మరల మేల్కొనెను. సుమత్రానుండి అండమానులవరకు ఆ యంచు ఒక్కసారిగా జారుటవలననే 2004 డిసెంబరు 26వ తేదీన ఉప్పెన పుట్టి, కోరమాండలు తీరముతో గూడ అనేక దేశములలో రెండు లక్షలమందికి పైగా ప్రజలను బలిగొనెను. హిమాలయముల యొద్ద ఖండము ఖండమును ఢీకొనుచున్నది. రెండును తేలిక శిలలే కావున ఒకటి సులభముగా లోనికి దూరదు. నేల ముడతపడి పైకి లేచును. అందుచేత అచట 2015 నాటి నేపాళ భూకంపమువంటివి సంభవించునేగాని, అగ్నిపర్వతముల వరుస లేదు.

ఇక బాసగూడ సంగతి. ఈ గ్రామము ఏ ఫలకపు అంచునను లేదు. భారత ఫలకపు నడిమి భాగమున, బస్తరు ప్రాచీన శిలాపీఠముపై నున్నది. దీనికి నైరుతి దిక్కున గోదావరి లోయ కలదు. బస్తరు పీఠమును ధార్వాడ పీఠమును అతుకుకొనిన రేఖ అదియే. గోండ్వానా మహాభూమి ఇంకను ఒకటిగా నున్న కాలముననే ఆ రేఖవెంట నేల చీలి క్రుంగగా, అందులో ఇసుకయు, ఒండ్రును, వృక్షములును చేరి, నేటి ఇసుకరాళ్ళును బొగ్గును అయ్యెను. చీలిక పూర్తికాలేదు. సముద్రము రాలేదు. కాని మచ్చ మిగిలెను.

భారత ఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరమునకు పోవుచున్నది. ఎనుబది యేండ్లు జీవించిన మనుష్యుడు తన యింటితోను ఊరితోను నాలుగు మీటర్లు ప్రయాణము చేసియుండునన్నమాట. హిమాలయములు అడ్డగింపగా పుట్టిన ఒత్తిడి ఫలకమంతటను వ్యాపించి, పాత చీలికల యొద్ద అప్పుడప్పుడు విడుదల యగును. భద్రాచలమున, ములుగున జరిగినది ఇట్టిదే. 1993 సెప్టెంబరు 30వ తేదీన మహారాష్ట్రమున కిల్లారి యొద్ద, ఫలక మధ్యముననే, సుమారు 6.2 పరిమాణము గల కంపము పదివేలమందికి దాపుగా ప్రాణములు తీసెను. నిద్రవేళ బరువైన రాతిగోడలు కూలుటయే అంత నష్టమునకు ముఖ్యకారణము. కనుక గోదావరి ప్రాంతమువారు అగ్నిపర్వతమునకు భయపడ నక్కరలేదు. కాని అంచునకు దూరముగా నున్నామను ధైర్యముతో గోడల కట్టుబడిని ఉపేక్షించుట తగదు. ఫలక సిద్ధాంతమునుండి ఈ ప్రాంతపు గృహస్థుడు గ్రహింపదగిన ప్రయోజన మిది.

వెగెనర్ ఈ సమాధానమును సంపూర్ణముగా చెప్పలేదు. చెప్పుటకు కావలసిన సముద్రతలపు పటములు ఆయన కాలమున లేవు. అయినను భూశాస్త్రము, జీవశాస్త్రము, శీతోష్ణస్థితి శాస్త్రము వేర్వేరు గదులలో తలుపులు మూసికొని కూర్చొనిన కాలమున, ఆయన ఆ సాక్ష్యములను ఒక్కచోటికి చేర్చి చదివెను. తప్పులు చేసెను. వానిని ప్రతి ముద్రణమున దిద్దుకొనుచు వచ్చెను. తుదకు ఆయన ప్రాణము విడిచినది తన సిద్ధాంతమును గెలిపించుటకు కాదు. మంచుమధ్యమున తన మాటపై నిలిచిన ఇద్దరు సహచరులకు ఆహారము చేర్చవలెనను బాధ్యత కొరకు.

ఆయన సమాధిపై నిలిపిన గుర్తులను మంచు ఏనాడో కప్పివేసెను. ఆ మంచుగడ్డ మెల్లమెల్లగా సముద్రము వైపునకు జరుగుచు ఆయనను తనతో కొనిపోవుచున్నది. ఆయన ప్రక్కన నడచి, ఆయనకు అంత్యక్రియ జరిపి, తాను అంతర్ధానమైన విల్లుంసెను పేరును కూడ ఆయన పేరుతోపాటు స్మరించుట న్యాయము. గోండ్వానా అను మాట పలికినప్పుడెల్ల, తాల్‌పేరు తీరపు అడవులను, గోదావరి బొగ్గును, గ్రీన్లాండు మంచును ఒక్క సూత్రమున గ్రుచ్చిన ఆ ఓర్పుగల పరిశోధకుడు జ్ఞప్తికి రాదగినవాడు.